వెన్ను ముందు

వాల్సాల్‌లో జీన్లు కుట్టే కార్ఖానాలు
ఒకటొకటే ఫ్లాట్లయిపోయాయి.
పక్కింటి డెస్మండ్ పార్జెటర్ మాత్రం
తన షెడ్డులో ఒక ఆవు వీపుని
ముప్పై ఏళ్లుగా చుట్టచుట్టి దాచాడు.

ఆసుపత్రి వంటగదిలో నా కత్తి
టమాటాని కోయడం మానేసి నొక్కుతోందని
కంచె మీదుగా చెప్పుకున్నాను, అంతే.
"ఇనుము అరగలేదమ్మాయ్,
అంచు పక్కకి ఒరిగింది.
దానికి సాన వద్దు, తోలు కావాలి."

శనివారం. వాన పడీ పడనట్టు ఉంది.
చుట్ట విప్పాడు.
ఓక్ బెరడు నీళ్లలో ఏడాది నానిన తోలట.
ఆ వాసన నా ముక్కు దాకా వచ్చేసరికి
తంగేడు చెక్క వాసనైంది.
లందలో మోకాళ్ల దాకా దిగి
మా తాత నిలబడ్డ వాసన.
బడిలో నా పక్కన జాగా
ఖాళీగా ఉంచిన వాసన.

"ఇదివరకు తోలుపని చేశావా?"
లేదన్నాను.
ఎవరడిగినా ముందు నోటికొచ్చే మాట అదే.
చేతులు మాత్రం నన్నడక్కుండా
పొట్ట వైపు సాగే తోలుని వదిలేసి
వెన్ను పక్కన బిగువైన చోటికి పోయి ఆగాయి.
పార్జెటర్ కళ్లజోడు పైనుంచి చూశాడు.
ఏమీ అనలేదు.

జానెడున్నర పొడుగు, మూడు వేళ్ల వెడల్పు.
తన చెయ్యి వణుకుతుందని రంపె నాకిచ్చాడు.
వాళ్ల రంపె అర్ధచంద్రంలా ఉంటుంది,
ముందుకు నెడుతూ కొయ్యాలి.
ఒక్క ఊపులో తెగాలి.
రెండోసారి పెడితే అంచుకి పళ్లొస్తాయి.
తెగింది.

పాత సొరుగు అడుగు పలకకి జిగురు రాసి
మాంసం వైపు కిందికి, వెంట్రుకల వైపు పైకి అతికించి
నాలుగిటుకలు పెట్టాం, రాత్రంతా.

ఆదివారం పచ్చ ముద్ద,
పిల్లలు క్రేయాను రుద్దినట్టు తోలంతా రుద్దాను.
"వెన్ను ముందు పోవాలి, అంచు వెనకాల రావాలి.
చివర్లో వెన్ను మీదే దొర్లించి తిప్పు.
అంచు ముందు నడిచిందో, తోలు తెగుద్ది."

పోను ఒకటి, రాను ఒకటి.
పదిహేడో లాగుడికి ఫోను మోగింది,
అటు చూశాను.
తోలు మీద గోరంత గాటు.
నాలిక్కరుచుకున్నాను.
ఆయన నవ్వాడు.
తన మొదటి పట్టీకి పదకొండు గాట్లట,
పన్నెండోది పడకముందే
ఫోర్‌మన్ చెంప వాచేట్టు ఇచ్చాడట.

తర్వాత చెవి వెనక పెన్సిలు తీసి ఇచ్చాడు.
"చేసినవాళ్ల పేరుండాలి అడుగున.
మా షాపులో పేరు లేని సరుకు
గుమ్మం దాటేది కాదు."

అర్జీల్లో ఒక్క అక్షరం చేసి
పక్కన చుక్క పెట్టి దాచిన ఇంటిపేరుని
పలక వెనక మొత్తం రాశాను, తెలుగులో.
వత్తు దగ్గర పెన్సిలు ముక్కు విరిగింది.
"ఏం రాశావు?"
"మా తాత..." అని మొదలెట్టాను.
రెండు కప్పుల టీ చల్లారింది.
మళ్లీ పెట్టాడు. అదీ చల్లారింది.

సోమవారం, పొద్దున ఆరు.
ఎనభై మందికి సలాడ్.
టమాటా మీద కత్తి ఆనించాను,
బరువు వెయ్యలేదు.
తొక్కకి తెలిసేలోపే రెండు ముక్కలు.
"ఎక్కడ పట్టించావే పదును?"
షిఫ్టులో కీలీ అడిగింది.
"మా ఇంట్లో" అన్నాను.

గాటు అలాగే ఉంది.
కత్తి దాని మీదుగా వెళ్లినప్పుడల్లా
టిక్కుమంటుంది.
లెక్క తప్పకుండా ఉండడానికి
బాగానే పనికొస్తోంది.